ఖాళీగా వదిలిన నాలుగేళ్లు

పుంగనూరు నుండి బెంగళూరుకు ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లే యువకులలో నా పూర్వ విద్యార్థి ఒకడు. ఇటీవల తన రెజ్యూమెను నాకు చూపించాడు. అందులో పదో తరగతి ఉంది, డిగ్రీ ఉంది. నడుమ మదరసాలో చదివిన 4 సంవత్సరాలు మాత్రం లేవు. "అది రాస్తే పిలవరేమో హజ్రత్!" అన్నాడు తల దించుకుని.

మనసు చివుక్కుమంది. అయినా అతని భయం నిరాధారమని అనలేకపోయాను. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథను గుర్తుచేశాను. కరవు రానున్న ఈజిప్టులో రాజు ఎదుట ఆయన తన వంశఘనతను చెప్పుకోలేదు. ధాన్యాగారాల బాధ్యతకు అవసరమైన రెండు అర్హతలనే, అంటే కాపాడగల సామర్థ్యాన్నీ విషయజ్ఞానాన్నీ పేర్కొన్నారని దివ్యఖుర్ఆన్ 12వ సూరా తెలుపుతోంది.

మంచి రెజ్యూమెకు అదే కొలమానం. ముందు ఉద్యోగ ప్రకటనను శ్రద్ధగా చదవాలి. వారు కోరిన పనికి సంబంధించిన అనుభవాన్ని పైభాగంలో ఉంచాలి. 'కష్టపడి పనిచేస్తాను' అని అందరూ రాస్తారు. ఏ పని, ఎన్నాళ్లు, ఎంతమేరకు చేశారో రాయాలి. కొత్తవారికి ఒక పుట చాలు. తండ్రి వృత్తి, ఆధార్ సంఖ్య వంటివి అక్కరలేదు. రాని భాషను వచ్చునని రాయరాదు. అక్షరదోషాలను మరొకరి చేత చూపించుకోవాలి.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ ఖాళీని నింపాము: అరబీ, ఉర్దూ భాషల అధ్యయనం, 60 మంది వసతి విద్యార్థుల భోజనశాల సరుకుల లెక్కలను 2 సంవత్సరాలు రాసిన అనుభవం. అతను కోరుకున్నది గోదాములో లెక్కలు చూసే ఉద్యోగమే! మదరసాను దాచబోయి తన ముఖ్యమైన అర్హతనే దాచుకున్నాడు.

పిలుపు ఇంకా రాలేదు. వచ్చిన నాడు మాత్రం ఏ ప్రశ్నకూ అతను తల దించుకోనక్కరలేదు.