సరిదిద్దిన లోపాన్ని కూడా చెప్పాలా?

అసర్ నమాజు ముగిసిన తరువాత మస్జిదు వరండాలో ఒక యువకుడు అట్టపెట్టె తెరిచి నా ముందు ఒక చిన్న కారును ఉంచాడు. జానెడు కంటే కాస్త పొడవు, వెండి రంగు, పక్షి రెక్కల వలె పైకి తెరుచుకునే తలుపులు. 1954లో న్యూయార్క్ ప్రదర్శనలో లోకానికి పరిచయమైన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్ కారుకు అది నమూనా. అసలు కారు పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు. ఇది అందులో 18వ వంతు, అంటే 25 సెంటీమీటర్లు. బానెట్ ఎత్తితే ఇంజను, తలుపు తెరిస్తే స్టీరింగు, సీట్లు అన్నీ కనిపించాయి.

"హజ్రత్, దీనిని అమ్మాలనుకుంటున్నాను. ఒక సందేహం తీర్చండి" అన్నాడు.

ముందుగా ఆ పని గురించి అతని నోటనే విన్నాను. ఇటువంటి నమూనాలను డైకాస్ట్ అంటారు. జింకులో కొద్దిగా అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపి కరిగించి, ఉక్కు అచ్చులోకి అధిక పీడనంతో పంపి పోతపోస్తారు. ఎంత జాగ్రత్తగా చేసినా లోపాలు మిగులుతాయి. లోహాన్ని సరిగా శుభ్రపరచకుండా రంగు వేసినా, పెట్టెలో తేమ చిక్కుకున్నా రంగు పొక్కులెత్తుతుంది. హెడ్‌లైటు అద్దాన్ని బిగించే ప్లాస్టిక్ పుల్ల నల్లచుక్క వలె బయటికి కనిపిస్తుంది. జింకులో సీసం కలిసి ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోలోపలే పగిలి, ఉబ్బి, చివరికి పొడిగా రాలిపోతుంది. ఈ చివరి జబ్బుకు మందు లేదు. మిగిలినవాటిని ఓపికతో సరిదిద్దవచ్చు.

అతని కారు బానెట్ మీద పొక్కులు ఉండేవి. పాత రంగును తొలగించి, సన్నని ఉప్పుకాగితంతో తడిగా రుద్ది, ప్రైమర్ పూసి, పలుచని పొరలుగా రంగు వేసి, ప్రతి పొరనూ ఆరనిచ్చాడు. హెడ్‌లైటు పుల్లను కత్తిరించి, వెనుక మెరిసే రేకు అతికించాడు. నా కంటికి ఏ లోపమూ కనిపించలేదు.

"ఇప్పుడిది కొత్తదానికంటే బాగుంది. కానీ సేకరించేవారు ఎవరి చేయీ పడనిదానికే ఎక్కువ ధర ఇస్తారు. మరమ్మతు చేశానని చెప్పాలా? లోపమే లేనప్పుడు చెప్పేదేముంది?" ఇదీ అతని ప్రశ్న.

ప్రశ్న చిన్నది కాదు. ఒక ధాన్యపు రాశిలో దైవప్రవక్త ముహమ్మద్ (స) చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) మందలించారు. తడవడం అతని తప్పు కాదు, దాచడం తప్పు.

మన ఫిఖహ్ గ్రంథాలలో లోపాన్ని ఐబ్ అంటారు. ఆ వ్యాపారంలో ఉన్నవారి దృష్టిలో ధరను తగ్గించేది ఏదైనా ఐబ్ కిందికే వస్తుందని హనఫీ పండితులు నిర్వచించారు. కంటికి అందంగా ఉందా లేదా అన్నది ఇక్కడ కొలత కాదు. సేకర్తల బజారులో మరమ్మతు ధరను తగ్గిస్తుంది కాబట్టి, ఎంత చక్కగా చేసినా అది చెప్పవలసిన విషయమే. దాచి అమ్మితే, తెలిసిన తరువాత ఆ వస్తువును తిరిగి ఇచ్చి సొమ్ము వెనక్కు తీసుకునే హక్కు కొన్నవానికి ఉంటుంది. దానిని ఖియారుల్ ఐబ్ అంటారు.

"మరి నా శ్రమ సంగతి?" అని అడిగాడు.

"బేటా, నీ శ్రమకు ధర అడుగు. అందులో దోషం లేదు. దానిని కర్మాగారం శ్రమగా చూపించకు, అంతే" అన్నాను.

అతను కాసేపు మౌనంగా ఉండి, కారును జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకుని వెళ్లాడు. పది రోజుల తరువాత మళ్లీ వచ్చాడు. ఏయే భాగాన్ని ఎలా సరిచేశాడో ఒక కాగితం మీద వ్రాసి పెట్టెలో ఉంచి అమ్మాడట. తాను ఆశించిన దానికంటే తక్కువే వచ్చిందని చెప్పాడు. "అయినా ఫోను మ్రోగినప్పుడల్లా ఉలిక్కిపడే అవసరం లేదు హజ్రత్" అన్నాడు.

పాత బండి, కుట్టించిన చీర, బాగుచేయించిన మిక్సీ... మన ఇళ్లనుండి కూడా ఎన్నో వస్తువులు ఇతరుల చేతికి వెళుతుంటాయి. వాటితో పాటు ఆ ఒక్క నిజమైన మాటను కూడా పంపే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.