చేప మూతి మీది దూది: బూజా, బాక్టీరియానా?

మంచినీటి అక్వేరియంలో ఒక చేప మూతి చుట్టూ దూది అంటించినట్టుగా తెల్లటి పొర కనిపిస్తుంది. గప్పీలు, మొలీలు, టెట్రాలు పెంచేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే దృశ్యమే ఇది. చూడగానే ఎవరికైనా తోచే మాట బూజు. ఆంగ్లంలో వాడుకలో ఉన్న పేరు కూడా ‘మౌత్ ఫంగస్’ కావడంతో, దుకాణంలో ఆ పేరు చెప్పినవారికి బూజు మందే చేతికందుతుంది. అయితే చాలా సందర్భాలలో అది బూజు కాదు, బాక్టీరియా. మందు పనిచేస్తుందేమోనని ఎదురుచూసే రెండు రోజులలోనే తొట్టె సగం ఖాళీ కావచ్చు.

ఈ వ్యాధిని 1922లో హెచ్. ఎస్. డేవిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు మొదటిసారి వర్ణించాడు. మిసిసిపీ నది ఒడ్డున, అయోవా రాష్ట్రంలోని ఫెయిర్‌పోర్ట్‌లో ఉన్న ప్రభుత్వ మత్స్య పరిశోధన కేంద్రంలోని చేపలను ఆయన పరిశీలించాడు. జబ్బు చేసిన చేప చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని కింద పెడితే, సన్నగా పొడుగ్గా ఉన్న బాక్టీరియాలు పాకుతూ వచ్చి ఒకచోట గుమిగూడి స్తంభాల్లా నిలబడటం కనిపించింది. అందుకే ‘కాలమ్నారిస్’ అన్న పేరు. మన కళ్ళకు మాత్రం అవి కళ్ళంలో వేసిన గడ్డివాముల్లా ఉంటాయి. ఆ బాక్టీరియాను ప్రయోగశాలలో వేరుచేసి పెంచడం 1944లో గాని, ఆర్డల్, రకర్ అనే ఇద్దరి చేతుల్లో గాని సాధ్యపడలేదు. తరువాత శాస్త్రీయనామం పలుమార్లు మారి, ఇప్పుడు ఫ్లావోబాక్టీరియమ్ కాలమ్నేరేగా స్థిరపడింది.

ఇక మనం బూజు అని పిలిచే సాప్రోలెగ్నియా సంగతి. వర్గీకరణ ప్రకారం అదీ శిలీంధ్రం కాదు. ఊమైసీట్ల జాతికి చెందినది, సముద్రపు గోధుమవన్నె నాచుకు దగ్గరి చుట్టం. ఆరోగ్యంగా ఉన్న చేప జోలికి అది సాధారణంగా పోదు. గాయమైన చోట, చనిపోయిన గుడ్ల మీద మొలుస్తుంది. దాని పోగులు పొడుగ్గా ఉండి నీటిలో ఊగుతుంటాయి. కాలమ్నారిస్ పొర పొట్టిగా, చర్మానికి అతుక్కొని, ఒక్కోసారి లేత పసుపు రంగులో ఉంటుంది. వీపు రెక్క దగ్గర మొదలైతే జీను వేసినట్టుగా పాలిపోయిన పట్టీ ఏర్పడుతుంది. చిక్కేమిటంటే, కాలమ్నారిస్ పుండు మీద సాప్రోలెగ్నియా కూడా మొలవగలదు. అప్పుడు కంటికి కనిపించేది బూజు, చంపేది బాక్టీరియా.

అందుచేత రూపం కన్నా వేగం మంచి సాక్ష్యమని నా అభిప్రాయం. ఒకే చేప మీద, పాత గాయం చుట్టూ, రోజుల తరబడి నెమ్మదిగా పెరుగుతున్నది బూజు కావచ్చు. నిన్న ఒక చేపకు, ఇవాళ నాలుగింటికి కనిపిస్తే కాలమ్నారిస్‌ను అనుమానించాలి. ఇక్కడే మరో ప్రమాదం పొంచి ఉంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు విడివిడి చుక్కలు తెచ్చే ‘ఇక్’ వ్యాధికి నీటిని 30 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయడం పాత చికిత్స. ఆ పరాన్నజీవి చర్మంలో దాగి ఉన్నంతసేపూ మందు దానికి తగలదు. వేడి దాని జీవితచక్రాన్ని తొందరపెట్టి, మందుకు లొంగే దశలోకి త్వరగా తెస్తుంది. తెల్లగా కనిపించినదల్లా ఇక్ అనుకొని కాలమ్నారిస్ ఉన్న తొట్టెను వేడిచేస్తే, వెచ్చని నీటిలో మరింత విజృంభించే బాక్టీరియాకు మనమే తోడ్పడినట్టవుతుంది.

అన్నిటికన్నా ముందు నీటిని పరీక్షించాలి. చేపలన్నీ ఒకేసారి పైకి వచ్చి రొప్పుతుంటే అది అంటువ్యాధి కన్నా అమ్మోనియా, నైట్రైట్ విషాల పని కావడానికే అవకాశం ఎక్కువ. 25 డిగ్రీల నీటిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతానికి లోపే, పి.హెచ్. 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే కిట్ చూపే అంకె ఒకటే అయినా ప్రమాదం ఒకటి కాదు. అమెరికాలో అనేక నగరాలు కుళాయి నీటిలో క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతాయి. క్లోరిన్‌లా అది రాత్రంతా నిలవ ఉంచితే పోదు. థయోసల్ఫేట్ మాత్రమే ఉన్న మందుతో దాన్ని విరగ్గొడితే అమ్మోనియా మిగులుతుంది. ఇలాంటి నీటితో మొప్పలు దెబ్బతిన్న చేపలకే కాలమ్నారిస్ సులువుగా సోకుతుంది.

నీరు బాగానే ఉన్నా అనుమానం తీరకపోతే సూక్ష్మదర్శినే శరణ్యం. పిల్లల సైన్సు ప్రాజెక్టుకు కొన్నదైనా 400 రెట్లు పెద్దగా చూపితే చాలు. అప్పుడే చనిపోయిన చేప పుండు అంచున మెల్లగా గీకి, తొట్టెలోని నీటి చుక్కతో గాజుపలక మీద ఉంచి, పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి. కొమ్మలు వేసిన లావుపాటి గొట్టాలు కనిపిస్తే సాప్రోలెగ్నియా. సన్నని కడ్డీలు జారుతూ వాములు కడితే కాలమ్నారిస్. గంటల తరబడి నీటిలో తేలిన చేప మీద కుళ్ళబెట్టే బాక్టీరియాలే కనిపిస్తాయి, దాన్నుంచి ఏమీ తేలదు.

కాలమ్నారిస్ అని తేలితే కావలసినవి యాంటీబయాటిక్స్. బ్రిటన్‌లో వాటిని పశువైద్యుని చీటీ లేకుండా అమ్మరు. మందు కలిపిన మేత ఇవ్వాలంటే చేప తినే స్థితిలోనే ఉండాలి కాబట్టి ఆలస్యం పనికిరాదు. జబ్బు చేసినవాటిని వేరే తొట్టెకు మార్చి, నీటికి గాలి ఎక్కువ అందేలా చూసి, వేడిని ఆ జాతి తట్టుకోగలిగినంత తగ్గించడం ఈలోగా చేయగల పని. వైద్యునికి చూపించవలసిన మృత చేపను తడి కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెడితే కణజాలం చితికి పరీక్షకు పనికిరాకుండా పోతుంది.