సిద్ధాంతవ్యాసము – దినమున కొక్క పుట

రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుడు ఆరంభించిన భారతము అరణ్యపర్వమున నిలిచిపోగా, దానిని పూరించుటకు తిక్కన, ఎఱ్ఱనలు రావలసివచ్చెను. కావ్యమున కట్టి యదృష్టము పట్టవచ్చును గాని, డాక్టరేటు పట్టమునకై వ్రాయు సిద్ధాంతవ్యాసమునకు పట్టదు. మొదలిడినవారే ముగింపవలెను.

ఇది మన యిండ్లకు సంబంధింపని విషయమని సోదరీమణు లెవరును తలంపవలదు. ఆ యాదికవి పేరనే 2006వ సంవత్సరమున రాజమహేంద్రవరమున విశ్వవిద్యాలయము వెలసినది. నేడు మన కుమార్తెలును, కోడండ్రును పరిశోధనమునకు పూనుకొనుచున్నారు. విషయసేకరణ ముగిసి, కాగితములు పెట్టెనిండ చేరిన పిమ్మటనే అసలు చిక్కు మొదలగును. తొలినాటి యుత్సాహము చల్లారును. పొయ్యిమీది పాలు, పిల్లల పాఠములు, వచ్చిన చుట్టములు – అన్నియు వ్రాయకుండుటకు కారణము లగును. రేపు చూత మనుకొన్న రేపులు ఏండ్లుగా మారును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర మిచట స్మరింపదగినది. మూడవ ప్రయత్నమున గాని ఆయన మెట్రిక్యులేషను గట్టెక్కలేదు. మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయముతోను అమెరికా చేరెను. పొట్ట గడుచుటకై ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనము సాగించెను. ఫిస్కె యను శాస్త్రజ్ఞునితో కలిసి 1925లో శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని, 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. యను శక్తిద్రవ్యమును గూర్చి ప్రకటించెను. 1930లో డాక్టరేటు లభించెను. ఒక్కొక్క భాగము ముగియగనే వ్రాసి లోకమున కందించుచు పోయెనే గాని, అంతయు తేలినపిదప ఒక్కమారే వ్రాయుదమని కూర్చుండలేదు.

మన పరిశోధకురాండ్రు గ్రహింపవలసిన కీలక మిదియే. కాలువ చివరి చేనికి నీరు వంతు ప్రకారమే వచ్చును. వంతు వచ్చినపుడు మడవ తీయని రైతు వానమబ్బును నమ్ముకొని లాభమేమి? ఉత్సాహము వానవంటిది, నియమము కాలువవంటిది. దినమున నొక గంట నిర్ణయించుకొని, మనసున్నను లేకున్నను ఒక్క పుట వ్రాయవలెను. దినమున కొక్క పుటయైనను ఏడాది తిరుగునప్పటికి మున్నూరు పుటలు దాటును. సామగ్రి సిద్ధముగా నున్న ప్రకరణమును ముందు చేపట్టి, ఉపోద్ఘాతమును కడపటి కుంచుట మేలు. మరునాడు వ్రాయవలసిన మొదటి వాక్యము తెలిసియుండగనే కలము దించినచో, మరునాడు తడుముకొన నక్కరలేదు. ప్రకరణము ముగియగనే పర్యవేక్షకులకు చూపవలెను. మెఱుగు పెట్టుట తరువాతి పని.

2022 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిబంధనల ప్రకారము, ఆరేండ్ల గడువునకు పైని స్త్రీలకు అదనముగా రెండేండ్ల సడలింపు కలదు. ప్రసూతికిని, శిశుపోషణమునకును 240 దినముల వరకు సెలవు నున్నది. అయినను, ఇంట దినమున కొక గంట దొరకనిచో ఆ సడలింపు కూడ సాకులలోనే కరగిపోవును.

సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు; 1948లో అమెరికాలోనే కన్నుమూసిరి. ధర్మపత్ని శేషగిరిగారు ఈ దేశముననే యుండిపోయిరి. ఆయన విద్యకు వెల చెల్లించినవారిలో ఆమెయు నొకరు. నేడు పరిశోధనము చేయునది ఆ యింటి ఇల్లాలే యైనపుడు, ఒక్కరే యంత వెల చెల్లింప నక్కరలేకుండ ఇంటిల్లిపాదియు పంచుకొనవచ్చును. భర్త పిల్లల పాఠములు చూడవచ్చును. ఆడుబిడ్డ పొయ్యి నొద్ద నిలువవచ్చును. పుస్తకములో నేమి వ్రాయుచున్నదో అత్తగారికి తెలియకున్నను లోపము లేదు. ఆ గంటసేపు "అమ్మాయీ, ఒక్కమారిటు రమ్మా" యని పిలువకుండిన చాలును.