నెలసరి ముందు బాధలకు ప్రిమ్‌రోజ్ నూనె పనిచేస్తుందా?

నెలసరికి వారం పది రోజుల ముందు నుంచే కొందరికి రొమ్ముల్లో సలుపు, కడుపు ఉబ్బరం, ఊరికే చిరాకు, ఏడుపు వస్తాయి. నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లో అన్నీ సర్దుకుంటాయి. డాక్టర్లు దీన్ని పీఎంఎస్ అంటారు. విజయవాడ సూర్యారావుపేటలోని మందుల షాపులో ప్రిమ్‌రోజ్ క్యాప్సూల్స్ అడిగితే స్ట్రిప్పు చేతిలో పెడతారు. వాడినవాళ్లలో చాలామంది తగ్గిందనే చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ తగ్గించింది నూనేనా?

ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అమెరికా ఖండపు పూలమొక్క. దాని గింజల నూనెలో గామా లినోలెనిక్ ఆమ్లం, అంటే జీఎల్ఏ, ఉంటుంది. 1,000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అది సుమారు 80 నుంచి 100 మిల్లీగ్రాములే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం లినోలెయిక్ ఆమ్లం. అది మన నువ్వుల నూనెలోనూ, పొద్దుతిరుగుడు నూనెలోనూ ఉన్నదే. శరీరం దాన్ని జీఎల్ఏగా, ఆపైన వాపును అదుపు చేసే ప్రోస్టాగ్లాండిన్‌గా మార్చుకుంటుంది. పీఎంఎస్ ఉన్నవారిలో ఈ పని కుంటుపడుతోందేమో, జీఎల్ఏని నేరుగా ఇస్తే సరిపోతుందేమో అని 1980లలో కొందరు పరిశోధకులు అనుకున్నారు.

1990లో ఆస్ట్రేలియాలో 38 మంది మీద దీన్ని పరీక్షించారు. మూడు నెలసరుల పాటు నూనె, మూడు నెలసరుల పాటు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చారు. ఏది ఎప్పుడన్నది మింగినవారికీ తెలియదు, ఇచ్చినవారికీ తెలియదు. బాధలు రెంటితోనూ తగ్గాయి, తేడా మాత్రం కనిపించలేదు. 1996లో అప్పటిదాకా జరిగిన ఏడు పరీక్షలను కలిపి సమీక్షించినా పీఎంఎస్‌కు ఈ నూనెతో మేలుందని తేలలేదు. 2002లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ రొమ్ము నొప్పికీ, ఎగ్జిమాకూ వాడే ప్రిమ్‌రోజ్ మందుల లైసెన్సులను రద్దు చేసింది. పనిచేస్తాయనడానికి చాలినంత ఆధారం లేకపోవడమే కారణం.

దీనికి ఎదురు చెప్పే పరీక్ష కూడా ఉంది. 2011లో బ్రెజిల్‌లో 120 మందిపై జరిగిన పరీక్షలో బాధలు తగ్గాయి. అయితే అక్కడ వాడింది జీఎల్ఏ, ఒలీయిక్, లినోలెయిక్ ఆమ్లాలకు విటమిన్ ఈ కలిపిన మిశ్రమం. ఆ ఒక్క ఫలితాన్ని పట్టుకుని షాపులో దొరికే ప్రతి క్యాప్సూల్‌కూ హామీ ఇవ్వలేం.

ఉత్తుత్తి క్యాప్సూల్‌తో ఎందుకు తగ్గుతుంది? పీఎంఎస్ అన్ని నెలలూ ఒకేలా ఉండదు. భరించలేనంత బాధ పెట్టిన నెలలోనే మనం మందు కొంటాం. మరుసటి నెల మందు లేకున్నా కొంత తేలికపడే అవకాశం ఎక్కువ. మందు వేసుకున్నామన్న నమ్మకం కూడా కొంత పనిచేస్తుంది. ఈ రెండింటినీ మించి తగ్గిస్తేనే అది మందు.

కాల్షియం ఆ గీత దాటింది. 1998లో వెలువడిన అమెరికా పరీక్షలో 466 మంది ఫలితాలు చూశారు. రోజుకు 1,200 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో మూడో నెలసరికి బాధలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్రలతో తగ్గింది 30 శాతం. కృష్ణా జిల్లా ఇళ్లలో పెద్దమనిషి అయిన పిల్లకు పెట్టే చిమ్మిలిలోని నువ్వుల్లో కాల్షియం దండిగా ఉంటుంది. గానుగ ఆడితే అది తెలకపిండిలో మిగిలిపోతుంది, నూనెలోకి రాదు. అయితే పరీక్షించింది మాత్రలను, చిమ్మిలిని కాదు. నువ్వుల పైపొట్టులోని ఆక్సలేట్లు కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు కూడా. కాబట్టి చిమ్మిలిని మంచి తిండిగానే తినాలి, మందుగా లెక్కేయకూడదు.

ఏ మందైనా మొదలుపెట్టే ముందు రెండు నెలలు క్యాలెండర్‌లో ఏ రోజు ఏ బాధ, ఎంత ఉందో రాసుకోండి. ఆ కాగితం గైనకాలజిస్టుకు బాగా పనికొస్తుంది. ప్రిమ్‌రోజ్ వాడి చూడాలనిపిస్తే కడుపులో వికారం, తలనొప్పి రావచ్చని తెలుసుకోండి. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. నెలసరి ముందు బతకాలనిపించనంత దిగులు కమ్మితే క్యాప్సూల్స్‌తో కాలక్షేపం చేయకండి. దానికి పరీక్షలో నెగ్గిన మందులూ, కౌన్సెలింగూ ఉన్నాయి. వెంటనే డాక్టరును కలవండి.