కీలు ఎట్లు తెరచుకొనును?

కోడికాలు కోసినపుడు ఎముక కొనయందు నీలిచాయ గల తెల్లని, నునుపైన భాగము కనబడును. ఇదియే మృదులాస్థి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో ఎముకను బొక్క యందురు. కొరికినపుడు కరకరలాడు ఈ మెత్తని పదార్థము బొక్కకంటె ముందు పుట్టినది. గ్రుడ్డును పొదుగబెట్టిన మూడవ దినమున పిండమునకు కాలి మొగ్గ తొడుగును. అందలి కణములు గుమిగూడి మృదులాస్థి కడ్డీగా మారును. మొదట తొడకును ముంగాలికిని నడుమ సందు లేదు. అంతయు ఒకే కడ్డీ. మరి మోకాలు ఎట్లు వచ్చినది?

కీలు రావలసిన చోట కణములు మృదులాస్థిగా మారుట మాని, చదునై, ఒత్తుగా చేరును. ఇవి జి.డి.ఎఫ్.-5 అను ప్రోటీనును వెలువరించును. ఇది పొరుగు కణమునకు పంపిన చిట్టీ వంటిది. దానిని అందుకొను గ్రాహకము ఆ కణపు పైపొరలో నుండును. ఈ జన్యువు చెడిన చిట్టెలుకలకు కాళ్ళెముకలు పొట్టివగుననియు, వ్రేళ్ళలో కొన్ని కీళ్ళు ఏర్పడవనియు 1994లో తెలిసినది. చిత్రమేమన, ఇదే ప్రోటీను మృదులాస్థిని పెంచును కూడ. అట్లే పెంచుచుపోయిన సందు పూడిపోవును గదా! అందులకే నాగ్గిన్ అను మరియొక ప్రోటీను ఈ కుటుంబపు సంకేతములను పట్టి నిలుపును. నాగ్గిన్ లేని ఎలుకలలో మృదులాస్థి అతిగా పెరిగి కీళ్ళే ఏర్పడలేదని 1998లో చూపిరి.

చిట్టీలు మాత్రమే చాలవు, కదలికయు కావలెను. 1966లో డ్రాక్‌మన్, సోకొలాఫ్ అనువారు కోడి పిండముల కండరములను మందుతో చచ్చుపరచి చూచిరి. కీలు సందులు తెరచుకొనలేదు. గ్రుడ్డులోని పిల్ల కాలు తన్నుట ఊరక కాదు.

పుట్టిన పిమ్మట ఎముక పొడవగుటకు కొనల దగ్గర మృదులాస్థి పలక మిగిలియుండును. అచ్చట ముదరబోవు కణములు ఇండియన్ హెడ్జ్‌హాగ్ అను ప్రోటీనును పంపును. (పేరు చూచి మనదేశమున కనుగొన్నారనుకొనరాదు, అది ముండ్లు గల ఒక చిన్న జంతువు పేరు.) దాని ప్రేరణచే ఎముక కొననుండి పి.టి.హెచ్.ఆర్.పి. అను ప్రోటీను వెలువడి, లేత కణములను తొందరపడి ముదరనీయక విభజన చెందించును. ఈ ఇచ్చిపుచ్చుకొనుట 1996లో వెల్లడియైనది.

ఈ పలక పనిచేయుచున్న వయస్సులో ఎముక ఎంత సుకుమారమో జనగామకు పొరుగుననున్న నల్లగొండ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. అచ్చటి భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గారలు ఫ్లోరైడు పీడిత ప్రాంతములలో మోకాళ్ళు లోనికి వంగి ఒండొంటిని ఒరయు వికారమును వర్ణించిరి. కాల్షియము చాలని తిండి దీనికి తోడ్పడును. ఇది ముఖ్యముగా ఎదుగు వయస్సు వారికి వచ్చును. పెద్దవారిలో ఆ పలక అప్పటికే ఎముకగా మారియుండును. వారికి వెన్నును కీళ్ళును బిగిసిపోవునే గాని, కాళ్ళు సాధారణముగా ఇట్లు వంగవు.