డిగ్రీ, రేడియన్, స్టెరేడియన్

ఒకే బిందువు నుంచి బయల్దేరిన రెండు రేఖలు ఎంత విచ్చుకుని ఉన్నాయో చెప్పేది సమతల కోణం. దీన్ని కొలవడానికి అందరికీ అలవాటైన ప్రమాణం డిగ్రీ. వృత్తాన్ని 360 సమభాగాలు చేస్తే కేంద్రం దగ్గర ఒక్కో భాగానిది ఒక డిగ్రీ. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. మన జ్యోతిశ్శాస్త్ర గ్రంథాల్లో ఇవే కళలు, వికళలు. అరవై లెక్కన గణితం చేసిన బాబిలోనియన్ల వారసత్వమిది. 360 చాలా సంఖ్యలతో శేషం లేకుండా భాగింపబడుతుంది కాబట్టి వాడుకకు బాగుంటుంది. అంతేగానీ వృత్తానికీ ఆ సంఖ్యకూ సహజ సంబంధమేమీ లేదు. ఫ్రాన్సులో లంబకోణాన్ని 100 గ్రేడ్లుగా విభజించి చూశారు. అది సర్వే పనుల్లో తప్ప పెద్దగా నిలవలేదు.

వృత్తంలోంచే పుట్టిన ప్రమాణం రేడియన్. వ్యాసార్థమంత పొడవున్న చాపం కేంద్రం దగ్గర చేసే కోణమే ఒక రేడియన్, అంటే సుమారు 57.3 డిగ్రీలు. పూర్తి చుట్టుకు 2π రేడియన్లు. ఈ పేరు 1873లో బెల్‌ఫాస్ట్‌లో జేమ్స్ థామ్సన్ ఇచ్చిన పరీక్షపత్రంలో అచ్చయింది. ఆలోచన మాత్రం పాతదే. ఆర్యభటుడి జ్యా పట్టికలో వ్యాసార్థం 3,438 కళలు. వృత్తంలోని 21,600 కళలను 2πతో భాగిస్తే వచ్చేది దాదాపు అదే. చాపాన్నీ వ్యాసార్థాన్నీ ఒకే కొలతతో కొలిచాక రేడియన్‌కు ఇక ఒక్క అడుగే దూరం.

రేడియన్ సుఖం చిన్న కోణాల దగ్గర తెలుస్తుంది. చంద్రబింబం మన కంటి దగ్గర చేసే కోణం దాదాపు 0.009 రేడియన్లు. చంద్రుడి దూరం 3,84,400 కిలోమీటర్లను దానితో గుణిస్తే 3,460 వస్తుంది. అసలు వ్యాసం 3,474 కిలోమీటర్లు. త్రికోణమితి పట్టికతో పనే పడలేదు.

శంకువు కొనలా అన్ని వైపులా విచ్చుకునేది ఘనకోణం. ఇక్కడ చాపానికి బదులు గోళంపై వైశాల్యం చూడాలి. వ్యాసార్థం వర్గమంత వైశాల్యం కేంద్రం దగ్గర చేసే ఘనకోణం ఒక స్టెరేడియన్. మొత్తం గోళానికి 4π, అంటే సుమారు 12.57. ఖగోళ శాస్త్రజ్ఞులు చదరపు డిగ్రీలు కూడా వాడతారు. మొత్తం ఆకాశం 41,253 చదరపు డిగ్రీలైతే, అందులో పున్నమి చంద్రుడి వాటా 0.2 మాత్రమే.

పొడవును పొడవుతో, వైశాల్యాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చినవి కాబట్టి రేడియన్, స్టెరేడియన్ రెండూ ఉత్త సంఖ్యలే. అంతర్జాతీయ ప్రమాణాల్లో వీటికి ఉన్న ప్రత్యేక తరగతిని 1995లో రద్దుచేసి ఉత్పన్న ప్రమాణాల్లో చేర్చారు. అయినా పేరు రాయకపోతే లెక్క తికమకే. 800 ల్యూమెన్ల బల్బు అన్ని దిక్కులకూ సమంగా వెలిగితే స్టెరేడియన్‌కు దాదాపు 64 ల్యూమెన్లు, అంటే 64 కాండెలాలు. ఆ వెలుగంతటినీ ఒక్క స్టెరేడియన్‌లోకి సమంగా మళ్లిస్తే అదే బల్బు తీవ్రత 800 కాండెలాలు.