నెలనొప్పిని దాచుకోవద్దు తల్లీ!

మిరపకోతల కాలంలో ఖమ్మం పల్లెల నుండి భద్రాచలం అడవి అంచు వరకు చేలన్నిటిలో స్త్రీలే కనబడతారు. వారిలో ఒక పిల్ల పొత్తికడుపు పట్టుకొని గట్టు మీద కూలబడితే, "ఆడజన్మ ఎత్తినాక ఓర్చుకోవాలె బిడ్డా, పెండ్లయితే అదే పోతది" అంటుంది పక్క సాలులోని పెద్దమ్మ. ప్రేమతో అన్న మాటే. కాని అన్ని నొప్పులూ అలా పోవని మన తల్లులకు చెప్పాలని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బహిష్టు సమయంలో గర్భసంచి ముడుచుకొని లోపలి పొరను బయటకు నెడుతుంది. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు కొంత నొప్పి సహజం.

ఇంట్లో ఏమి చేయవచ్చు?

వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పొత్తికడుపు మీద కాపడం పెట్టండి. ఇది నిజంగా పనిచేస్తుంది. అల్లం లేక శొంఠి కషాయం కొందరికి ఉపశమనమిస్తుంది. మెల్లగా నడవడం మంచిదే. రక్తం ఎక్కువగా పోయేవారు ఆకుకూరలు తినాలి, డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు.

మాత్రల సంగతి

ఐబుప్రొఫెన్, మెఫినమిక్ యాసిడ్ వంటి మాత్రలు నొప్పి ముదిరాక కంటే మొదలవగానే, అన్నం తిన్న తరువాత వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కడుపులో పుండు, ఆస్తమా, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. మాత్ర తరువాత దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. మెఫినమిక్ యాసిడ్ గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో ఇదే హెచ్చరిక చేసింది.

ఎప్పుడు అనుమానించాలి?

నొప్పి ఏటేటా పెరుగుతున్నా, బడి మాన్పించినా, కూలి పోగొట్టినా, ముట్టు రోజుల్లో విరేచనానికి వెళ్ళినప్పుడు పోటు వచ్చినా, భార్యాభర్తల కలయికలో బాధ కలిగినా, సంతానం ఆలస్యమైనా అది ఎండోమెట్రియోసిస్ కావచ్చు. అంటే గర్భసంచి లోపలి పొర వంటిది బయట పెరగడం. ప్రపంచంలో ఈడు స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. స్కానింగులో అన్నిసార్లూ కనబడదు. హార్మోను మాత్రలతో చాలామందికి అదుపులో ఉంటుంది. ఆశా కార్యకర్తకు చెప్పి భద్రాచలం ఏరియా ఆసుపత్రిలోనో, ఖమ్మం పెద్దాసుపత్రిలోనో స్త్రీల డాక్టరును కలవండి.

తొందరపడి గర్భసంచి తీయించుకోకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో దేశమంతటా నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేయగా, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి తీసివేశారు. గర్భసంచి తీసినా బయట పెరిగిన పొర మిగిలితే నొప్పి మిగలవచ్చు. రెండో డాక్టరు సలహా కూడా తీసుకోండి.

పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ జనసమూహంలో చాటుగా వచ్చింది. ప్రభువు ఆమెను గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు. మన ఇంటి కుమార్తె కూడా తన బాధను చాటుగా మోయనవసరం లేదు. ఈ నెల ఆమెను దగ్గర కూర్చోబెట్టుకొని, "ఎట్లుంది బిడ్డా?" అని అడుగుదాము.